దిగుడులో సైకిల్ ఎందుకు తోసేస్తుంది? ట్రెయిల్ ఎంటీబీ సెటప్, మొదటి నుంచి చివరి దాకా

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, ఎక్కేటప్పుడు బానే ఉంటుంది, దిగేటప్పుడు మాత్రం సైకిల్ నా మాట వినట్లేదు. ఏ సైకిల్ కొనాలి?" అందరికీ నేను చెప్పేది ఒకటే. కొనడం సంగతి తర్వాత చూద్దాం. ఉన్న సైకిల్‌ని మీ బరువుకి ఎప్పుడైనా సెట్ చేశారా?

ఈ మాట చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, ఎడమ కాలర్ బోన్ విరగ్గొట్టుకుంటే వచ్చింది. ముందు ఆ కథ చెప్పేస్తాను. ఈ రోజు చెప్పబోయేదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో ఒక సెకండ్ హ్యాండ్ ఫుల్ సస్పెన్షన్ ట్రెయిల్ సైకిల్ కొన్నాను. ముందు ఫోర్క్ 140 మి.మీ., వెనక 130 మి.మీ. ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, మౌంటెన్ బైక్ కొన్నా" అంటే, "మైలేజ్ ఎంత ఇస్తుంది నాన్నా?" అని అడిగింది. ఒక నెల గండిపేట వైపు మట్టి దారుల్లో తిప్పాను, సూపర్‌గా అనిపించింది. ఆ ధైర్యంతో అనంతగిరి వెళ్ళాను. తెలిసిందే కదా, హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు దాదాపు 80 కిలోమీటర్లు, మూసీ పుట్టే కొండలు. అక్కడ నేలంతా ఎర్ర లాటరైట్. పైన మొరం, గోళీల్లాంటి గులకరాళ్ళు. ఎక్కేటప్పుడు ఎంత అందంగా ఉంటుందో, దిగేటప్పుడు అంత జారుడు.

వాలులో మెట్టులాంటి ఒక రాయి వచ్చింది. పెద్దదేం కాదు, మోకాలి ఎత్తు కూడా లేదు. భయమేసి బ్రేక్ పట్టాను. ముందు ఫోర్క్ ఒక్కసారిగా కిందికి కుంగిపోయింది. అదే టైమ్‌కి వెనక చక్రం రాయి మీద నుంచి దిగుతూ ఎగిరి, సీటు నా వెనక తన్నింది. తర్వాత నాకు గుర్తున్నది ఆకాశం మాత్రమే. హ్యాండిల్ మీద నుంచి పల్టీ కొట్టి భుజం మీద పడ్డాను. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. చెయ్యి ఆరు వారాలు స్లింగ్‌లో ఉంది.

అమ్మ వచ్చి నెల రోజులు అన్నం కలిపి పెట్టింది. రోజూ ఒకటే మాట, "ఆ సైకిల్ అమ్మేయ్." నేనేమో ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని కొత్త ఫోర్క్‌లు చూస్తున్నాను. అరవై వేల పైన అయ్యే ఫోర్క్ ఒకటి కార్ట్‌లో పెట్టేశాను కూడా. తప్పు సైకిల్‌దే అని నా గట్టి నమ్మకం.

అప్పుడు మా రైడింగ్ గ్రూప్‌లో ఒక సీనియర్ అన్న చూడ్డానికి వచ్చాడు. నా భుజం సంగతి అడిగి, బాల్కనీలోకి వెళ్ళి సైకిల్ చూశాడు.

"తమ్ముడూ, శాగ్ ఎంత పెట్టుకున్నావ్?"

"శాగ్ అంటే ఏంటన్నా?"

ఆయన నవ్వలేదు. "స్కేలు ఉందా ఇంట్లో?" అన్నాడు.

ఆ స్కేలుతో కొలిస్తే తేలింది ఏంటంటే, నేను సైకిల్ మీద ఊరికే నిలబడితేనే ఫోర్క్ 45 మి.మీ. కుంగుతోంది. కుంగాల్సింది 28 దగ్గర. వెనక షాక్ రాడ్ 14 మి.మీ. కుంగాల్సింది, 8 మాత్రమే కుంగుతోంది. అంటే ముందు మెత్తగా, వెనక గట్టిగా ఉంది. నా కన్నా ముందు ఓనర్ ఎవరో, ఆయన బరువుకి, ఆయన ఇష్టానికి పెట్టుకున్న గాలి అది. ఆ తర్వాత ఫోర్క్‌లో గాలి కొంచెం కొంచెంగా తగ్గిపోయి ఉంటుంది. నేను ఒక్కసారి కూడా చూడలేదు.

బీటెక్ చదివాం కదా, లెక్క వేద్దాం. ముందు భాగం ఉండాల్సిన దానికన్నా సుమారు 15 మి.మీ. కిందికి ఉంది. వెనక షాక్ 6 మి.మీ. తక్కువ కుంగింది. నా సైకిల్‌కి షాక్ ఒక మి.మీ. కదిలితే చక్రం సుమారు 2.6 మి.మీ. కదులుతుంది. అంటే వెనక భాగం ఇంకో 15 మి.మీ. పైకి ఉంది. రెండూ కలిపితే 30 మి.మీ. రెండు చక్రాల మధ్య దూరం 1,200 మి.మీ. కాబట్టి సైకిల్ మొత్తం ముందుకి ఒకటిన్నర డిగ్రీ వంగిపోయింది. దిగుడు మొదలవ్వక ముందే నా సైకిల్ తలకిందులు అవ్వడానికి రెడీగా ఉందన్నమాట.

కార్ట్‌లోంచి ఫోర్క్ తీసేశాను. అరవై వేల సమస్య కాదు అది. షాక్ పంప్, స్కేలు, ఒక గంట ఓపికతో తీరే సమస్య.

ఇవాళ్టి ఎపిసోడ్ సారం ఇంతే. సైకిల్ దిగుడులో స్టేబుల్‌గా ఉండాలంటే ముందు, వెనక సమానంగా పని చేయాలి, మీరు రెండిటి మధ్యలో నిలబడగలగాలి. సెటప్ అంటే ఆ మధ్య చోటుని తయారు చేసుకోవడం. ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం. ఆర్డర్ మాత్రం మార్చకండి, ఎందుకో మధ్యలో చెప్తాను.

ముందు ఒక చిన్న ఫిజిక్స్

పల్టీ ఎందుకు కొడతాం? బ్రేక్ పట్టినప్పుడు చక్రం ఆగుతుంది, మన ఒళ్ళు ముందుకి పోతూనే ఉంటుంది. మన బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, ముందు చక్రం నేలని తాకే చోటు నుంచి ఎంత వెనక్కి ఉంది, ఈ రెండే ముఖ్యం.

సీటు పైకి ఉంచి నిలబడ్డాం అనుకోండి. ఎత్తు 1.1 మీటర్లు, దూరం 0.65 మీటర్లు అని అంచనాగా తీసుకుందాం. 0.65ని 1.1తో భాగిస్తే 0.59. ఇది సమతలం మీద మన మార్జిన్. ఎంత ఎక్కువ ఉంటే అంత గట్టిగా బ్రేక్ పట్టొచ్చు. ఇప్పుడు 15 డిగ్రీల వాలు దిగుతున్నాం. ఆ వాలే 0.27 తినేస్తుంది. మిగిలింది 0.32. అంటే దాదాపు సగం పోయింది.

ఇప్పుడు సీటు పూర్తిగా దించేసి, మోకాళ్ళు, మోచేతులు వంచి, నడుం కొంచెం వెనక్కి తీసుకున్నాం. ఎత్తు 0.9, దూరం 0.8 అనుకుంటే 0.89 వస్తుంది. వాలు తినే 0.27 తీసేస్తే 0.62. అంటే వాలులో ఉన్నా, ఇందాకటి సమతలం కన్నా సేఫ్.

ఇవి అంచనా నంబర్లే, మీ హైట్‌ని బట్టి మారతాయి. కానీ విషయం అర్థమైంది కదా? డ్రాపర్ పోస్ట్ ఉంటే బటన్ నొక్కి సీటు దించండి. లేకపోతే దిగుడు మొదలయ్యే చోట ఆగి, క్లాంప్ లూజ్ చేసి, చేత్తో దించండి. అర నిమిషం పని. నేను పడ్డ రోజు సీటు పైనే ఉంది.

ఒక్క జాగ్రత్త. కొంతమంది "వెనక్కి వెళ్ళాలి" అని వింటే సీటు దాటి వెనక టైర్ మీద వేలాడతారు. అప్పుడు ముందు చక్రం మీద బరువు ఉండదు. బరువు లేని చక్రం మొరం మీద తిరగదు, తిన్నగా జారుకుంటూ పోతుంది. అందుకే వెనక్కి పోవడం కన్నా కిందికి దిగడం ముఖ్యం. బరువంతా పాదాల్లో ఉండాలి, చేతులు తేలిగ్గా ఉండాలి.

స్టెప్ 1: టైర్లలో గాలి

మొదట ఇక్కడి నుంచే ఎందుకంటే, నేలకి తగిలేది టైర్ ఒక్కటే. మీ సస్పెన్షన్ ఎంత ఖరీదైనదైనా టైర్ తర్వాతే.

మన వాళ్ళు చేసే పెద్ద తప్పు పెట్రోల్ బంక్‌లో గాలి కొట్టించుకోవడం. అక్కడి మీటర్ కార్ల కోసం, బైకుల కోసం. మనకి కావాల్సిన 20, 25 పీఎస్ఐ దగ్గర దాన్ని నమ్మలేం. పైగా టైర్ గోడ మీద 60 అనో 65 అనో రాసి ఉంటే అది చూసి 50 కొట్టేస్తారు. ఆ నంబర్ "ఇది దాటకూడదు" అని చెప్పేది, "ఇంత కొట్టు" అని కాదు. 50 పీఎస్ఐ ఉన్న టైర్ రాళ్ళ మీద బంతిలా ఎగురుతుంది, నేలని పట్టుకోదు.

నా బరువు గేర్‌తో కలిపి 72 కేజీలు. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు. ముందు 22, వెనక 25 పీఎస్ఐ పెడతాను. వెనక ఎక్కువ ఎందుకంటే బరువు, దెబ్బలు రెండూ వెనకే ఎక్కువ. ట్యూబ్ ఉన్న టైర్ అయితే ఇంకో 3 నుంచి 5 ఎక్కువ పెట్టండి. తక్కువ గాలితో రాయిని గుద్దితే ట్యూబ్ రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి.

మీ నంబర్ కనుక్కోవడం ఎలా? ఒక డిజిటల్ గేజ్ కొనుక్కోండి. పైన చెప్పిన నంబర్ కన్నా 3 ఎక్కువతో మొదలుపెట్టి, ఒకే చోట తిరుగుతూ 1 పీఎస్ఐ చొప్పున తగ్గించండి. రిమ్ము రాయికి టక్ మని తగిలినా, మలుపులో టైర్ పక్కకి ఒరిగిపోతున్నట్టు అనిపించినా, తగ్గించడం ఆపి 2 పెంచండి. అదే మీ నంబర్.

ఇంకో మాట. మీ దగ్గర ఒకే మంచి టైర్ ఉంటే అది ముందుకి వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైమ్ ఉండదు.

స్టెప్ 2: శాగ్

శాగ్ అంటే మీరు సైకిల్ మీద ఊరికే నిలబడినప్పుడు సస్పెన్షన్ ఎంత కుంగుతుందో అంత. అసలు కుంగడం ఎందుకు, గట్టిగా ఉంటే పోలా అనిపిస్తుంది. కానీ చక్రం గుంటలోకి కూడా దిగాలి కదా. కొంచెం కుంగి ఉంటేనే, గుంట వచ్చినప్పుడు సస్పెన్షన్ సాగి చక్రాన్ని నేలకి అంటిపెట్టి ఉంచుతుంది.

ట్రెయిల్ సైకిల్‌కి మొదలుపెట్టే అంకెలు ఇవి. ముందు ఫోర్క్ మొత్తం ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం. వెనక షాక్ 25 నుంచి 30 శాతం. నా 140 ఫోర్క్‌కి 20 శాతం అంటే 28 మి.మీ. వెనక లెక్కలో చాలా మంది పొరపాటు పడతారు. సైకిల్ వెనక ట్రావెల్ 130 అయినా, కొలవాల్సింది షాక్ రాడ్ మీద. నా షాక్ స్ట్రోక్ 50 మి.మీ. అందులో 28 శాతం అంటే 14 మి.మీ. మీ షాక్ స్ట్రోక్ ఎంతో షాక్ మీదో, సైకిల్ స్పెసిఫికేషన్‌లోనో ఉంటుంది.

కొలిచే పద్ధతి:

ఒకటి. రైడ్‌కి వెళ్ళినట్టే రెడీ అవ్వండి. హెల్మెట్, బూట్లు, నీళ్ళ బ్యాగ్, అన్నీ. నీళ్ళు నిండుగా ఉండాలి.

రెండు. లాకౌట్, కంప్రెషన్ లీవర్లు అన్నీ ఓపెన్‌లో పెట్టండి.

మూడు. గోడ పక్కన నిలబెట్టండి, లేదా ఫ్రెండ్‌ని పట్టుకోమనండి. పెడల్స్ మీద నిలబడి, దిగుడులో ఎలా ఉంటారో అలా వంగి, నాలుగైదు సార్లు ఊగండి. తర్వాత కదలకుండా ఆగండి.

నాలుగు. ఫోర్క్ కాలు మీద, షాక్ రాడ్ మీద ఒక చిన్న రబ్బర్ ఉంగరం ఉంటుంది, అదే ఓ-రింగ్. దాన్ని సీల్‌కి ఆనేదాకా జరపమని ఫ్రెండ్‌కి చెప్పండి. ఓ-రింగ్ లేకపోతే సన్నని జిప్ టై లూజ్‌గా కట్టుకోండి, చాలు.

ఐదు. మళ్ళీ కుంగకుండా మెల్లగా దిగండి. సీల్ నుంచి ఓ-రింగ్ దాకా స్కేలుతో కొలవండి.

ఎక్కువ కుంగితే గాలి పెంచాలి, తక్కువ కుంగితే తగ్గించాలి. దీనికి షాక్ పంప్ మాత్రమే వాడాలి. సస్పెన్షన్‌లో 100, 200 పీఎస్ఐలు ఉంటాయి కానీ గాలి పరిమాణం చాలా తక్కువ, మామూలు పంప్ పనికిరాదు. 5 పీఎస్ఐ చొప్పున మార్చండి. గాలి కొట్టిన ప్రతిసారీ సస్పెన్షన్‌ని మెల్లగా పదిసార్లు కుంగదీయండి, లోపల ఉండే రెండు గదుల్లో గాలి సర్దుకోవాలి. ఆ తర్వాతే కొలవండి. పంప్ తీసేటప్పుడు వచ్చే "సుస్" శబ్దానికి కంగారు పడకండి, అది ఎక్కువగా పైపులో మిగిలిన గాలే.

హార్డ్‌టెయిల్ వాళ్ళకి ఒక మాట. మీకు వెనక సస్పెన్షన్ లేదు కాబట్టి ఫోర్క్ కుంగిన ప్రతిసారీ ముందు ఒక్కటే కిందికి పోతుంది, సైకిల్ ముక్కు వంచుతుంది. అందుకని ఫోర్క్‌ని మరీ మెత్తగా పెట్టకండి, 15 నుంచి 20 శాతం దాటొద్దు. స్ప్రింగ్ ఫోర్క్ అయితే పైన తిప్పే ప్రీలోడ్ నాబ్‌తో పెద్దగా మారదు. మీ బరువుకి స్ప్రింగే కుదరకపోతే నాబ్ దాన్ని సరిచేయలేదు. అలాంటప్పుడు టైర్ గాలి, సీటు ఎత్తు, ఈ రెండిటి మీదే ఎక్కువ ఆధారపడండి.

స్టెప్ 3: రీబౌండ్

కుంగిన సస్పెన్షన్ ఎంత స్పీడ్‌గా పైకి రావాలి అనేదే రీబౌండ్. చాలా బ్రాండ్లలో ఇది ఎర్ర నాబ్. తాబేలు, కుందేలు బొమ్మలు కూడా ఉంటాయి. తాబేలు వైపు తిప్పితే నెమ్మది, కుందేలు వైపు తిప్పితే స్పీడ్.

మరీ స్పీడ్‌గా ఉంటే ఏమవుతుందో నా భుజాన్ని అడగండి. రాయి మీద నుంచి దిగగానే స్ప్రింగ్ విడిచిపెట్టినట్టు వెనక భాగం తన్నింది. మరీ నెమ్మదిగా ఉంటే ఇంకో సమస్య. వరసగా రాళ్ళు వస్తే, మొదటి రాయి నుంచి తేరుకోకముందే రెండోది, మూడోది తగులుతాయి. సస్పెన్షన్ మెట్టు మెట్టుగా కిందికి కూరుకుపోతుంది. నాలుగో రాయి దగ్గరికి ట్రావెల్ మిగలదు. చాలా మంది అప్పుడు "ఫోర్క్ గట్టిగా ఉంది" అనుకుని గాలి తీసేస్తారు, ఇంకా చెడుతుంది.

టెస్ట్ సింపుల్. ఫుట్‌పాత్ అంచు మీద నుంచి మామూలు స్పీడ్‌లో దిగండి. సస్పెన్షన్ కుంగి, పైకి వచ్చి, ఒక్కసారి ఊగి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగితే రెండు క్లిక్‌లు తాబేలు వైపు. జిడ్డులో ఇరుక్కున్నట్టు మెల్లగా లేస్తే రెండు క్లిక్‌లు కుందేలు వైపు. ముందూ వెనకా దాదాపు ఒకే స్పీడ్‌తో లేవాలి. సైకిల్ మధ్యలో రెండు పాదాలతో తొక్కి వదిలి చూడండి, రెండు చివరలూ కలిసి పైకి రావాలి.

ఇప్పుడు ఆర్డర్ ఎందుకు మార్చొద్దన్నానో చెప్తాను. గాలి పెంచితే స్ప్రింగ్ బలం పెరుగుతుంది, అది ఇంకా గట్టిగా పైకి తంతుంది, కాబట్టి రీబౌండ్ ఇంకా నెమ్మది కావాలి. అంటే రీబౌండ్ సెట్టింగ్ గాలి మీద ఆధారపడి ఉంటుంది. గాలి సెట్ చేయకుండా రీబౌండ్ సెట్ చేయడం, రిక్వైర్‌మెంట్ రాకముందే కోడ్ రాయడం లాంటిది. మళ్ళీ మొత్తం చేసుకోవాలి.

స్టెప్ 4: కంప్రెషన్, టోకెన్లు

దిగుడులో లాకౌట్ ఓపెన్‌లోనే ఉండాలి. నవ్వొద్దు, రోడ్డు మీద లాక్ చేసి, మర్చిపోయి కొండ దిగిన వాళ్ళని చూశాను. మీ ఫోర్క్‌కి లో స్పీడ్ కంప్రెషన్ నాబ్ ఉండి, బ్రేక్ పట్టినప్పుడు ముక్కు ఎక్కువ వంచుతోంది అనిపిస్తే, శాగ్ కరెక్ట్‌గా ఉందని చూసుకున్నాకే ఒకటి రెండు క్లిక్‌లు పెంచండి.

శాగ్ సరిగ్గానే ఉంది, కానీ చిన్న చిన్న జంప్‌లకే ఓ-రింగ్ చివరిదాకా పోతోంది అంటే, ఎయిర్ చాంబర్‌లో ఒక టోకెన్ వేయొచ్చు. అది చాంబర్‌ని కొంచెం చిన్నది చేస్తుంది. మొదటి సగం అలాగే ఉంటుంది, చివరికి వెళ్ళే కొద్దీ గట్టిపడుతుంది. ఇది విప్పేముందు గాలి పూర్తిగా తీసేయాలి. అలవాటు లేకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

స్టెప్ 5: చేతులు పెట్టే చోటు

ముందు బ్రేక్ ఏ చేతికి ఉందో చూసుకోండి. మన మోటార్ సైకిళ్ళకి ముందు బ్రేక్ కుడి చేతికి ఉంటుంది. అమెరికా పద్ధతిలో వచ్చిన సైకిళ్ళకి ఎడమ చేతికి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఇది మొదట చూడాలి. భయంలో చెయ్యి అలవాటు ప్రకారమే పోతుంది.

బ్రేక్ లీవర్ ఒక్క చూపుడు వేలితో, లీవర్ చివర అందేలా లోపలికి జరపండి. మిగతా నాలుగు వేళ్ళు గ్రిప్ మీద ఉండాలి. లీవర్ వంపు మీరు నిలబడి ఉన్నప్పుడు చూసుకోవాలి, కూర్చుని కాదు. మణికట్టు వంగకుండా ముంజేయి, వేలు ఒకే లైన్‌లో ఉండాలి. లీవర్ మరీ కిందికి చూస్తుంటే మణికట్టు ముందుకి వంగి, ఒంటి బరువు చేతుల మీద పడుతుంది.

హ్యాండిల్‌బార్ ఇప్పుడు చాలా ట్రెయిల్ సైకిళ్ళకి 760 నుంచి 800 మి.మీ. ఉంటుంది. వెడల్పు ఎక్కువైతే కంట్రోల్ బావుంటుంది కానీ, చిన్న భుజాల వాళ్ళకి మోచేతులు చాపుకుపోయి వంగడానికి చోటుండదు. కోసేముందు గ్రిప్‌లు, లీవర్లు 10 మి.మీ. లోపలికి జరిపి ఒక వారం తొక్కి చూడండి. కోసింది మళ్ళీ అతకదు. స్టెమ్ పాత సైకిళ్ళకి 80, 100 మి.మీ. ఉండేది. మీది అలాంటిదైతే, 50 దగ్గర స్టెమ్‌తో దిగుడులో చాలా తేడా తెలుస్తుంది. కాకపోతే కూర్చునే చోటు కూడా దగ్గరవుతుంది, ఎక్కేటప్పుడు ఇరుకుగా లేదా అని చూసుకోండి.

బోల్టులు బిగించేటప్పుడు వాటి మీద రాసిన టార్క్ చూడండి, స్టెమ్‌కి సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. బలం ఉంది కదా అని తిప్పేయకండి.

హెడ్ యాంగిల్ సంగతి

"నా సైకిల్ హెడ్ యాంగిల్ పాతది, దాంతో దిగలేనా?" అని అడుగుతారు. తొంభైల్లో ఎంటీబీలకి ఇది 71 డిగ్రీల దగ్గర ఉండేది. ఇప్పటి ట్రెయిల్ సైకిళ్ళకి 64 నుంచి 66. అంకె తగ్గేకొద్దీ ముందు చక్రం మీకన్నా ముందుకి పోతుంది, దిగుడులో నిలకడ పెరుగుతుంది, నెమ్మదిగా వెళ్ళే మలుపుల్లో కొంచెం బద్ధకం వస్తుంది. నిజమే, తేడా ఉంది. కానీ ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. తప్పు గాలితో నేను ఒకటిన్నర డిగ్రీ పోగొట్టుకున్నాను. కొత్త మోడల్ కొంటే వచ్చే తేడా కూడా చాలాసార్లు ఒక డిగ్రీయే.

అసలు ఈ ఆట పుట్టిందే దిగుడులో. 1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఒక కొండ మట్టి రోడ్డు మీద మొదటి రీప్యాక్ రేస్ జరిగింది. సుమారు 2 మైళ్ళలో 1,300 అడుగులు దిగాలి. పాత లావు టైర్ల సైకిళ్ళు, వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి ఆ బ్రేక్ హబ్‌లో గ్రీజ్ కాలి పొగైపోయేది. మళ్ళీ విప్పి కొత్త గ్రీజ్ నింపితేనే ఇంకో రన్. ఆ రీప్యాక్ చేయడం వల్లే దానికి ఆ పేరు. అంటే దిగగానే స్పానర్ పట్టుకోవడం ఈ ఆటకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మనం యాప్‌లు అప్‌డేట్ చేసినంత శ్రద్ధగా దాన్ని పాటించట్లేదు, అంతే.

స్టెప్ 6: ఒక చోటు, ఒక మార్పు

ఇది నా ఉద్యోగం నేర్పిన పాఠం. బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పని చేసిందో తెలీదు. ఇక్కడా అంతే.

రెండు మూడు నిమిషాల్లో దిగగలిగే ఒక చోటు ఎంచుకోండి. వెళ్ళడానికి అనుమతి ఉన్న దారి అయి ఉండాలి, నడిచేవాళ్ళు లేని టైమ్ అయి ఉండాలి. మొదటి రన్ ఏమీ మార్చకుండా. తర్వాత ఒక్కటే మార్చండి, మళ్ళీ దిగండి. ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. తేదీ, టైర్ గాలి, ఫోర్క్ గాలి, షాక్ గాలి, శాగ్, రీబౌండ్ క్లిక్‌లు, చివర్లో ఒక లైన్ ఎలా అనిపించిందో. క్లిక్‌లు ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి లెక్కపెట్టండి, లేకపోతే వచ్చే వారం మీకే అర్థం కాదు.

ఏం అనిపిస్తే ఏం మార్చాలి? ముందు చక్రం మలుపులో బయటికి జారుతుంటే, వెనక ఎక్కువ కుంగుతోందేమో, మీరు మరీ వెనక్కి వేలాడుతున్నారేమో చూడండి. బ్రేక్ పట్టగానే ముక్కు వంచితే ఫోర్క్ గాలి. వెనక తంతుంటే వెనక రీబౌండ్. చేతులు తిమ్మిరెక్కుతుంటే ముందు టైర్ గాలి, ఫోర్క్ రీబౌండ్, లీవర్ వంపు, ఈ వరసలో చూడండి.

రైడ్ అయ్యాక ఓ-రింగ్ చూడండి. రోజంతా దిగినా అది సగం దాటకపోతే గాలి ఎక్కువైంది. ప్రతి చిన్న దానికీ చివర తగులుతుంటే తక్కువైంది. ఒకటి రెండు పెద్ద దెబ్బలకి మాత్రమే చివరిదాకా వెళ్తే, సరిగ్గా ఉన్నట్టు.

మళ్ళీ అదే రాయి

డాక్టర్ ఓకే అన్నాక, పడిన నాలుగు నెలలకి అదే చోటికి వెళ్ళాను. ముందు దిగి నడిచాను. ఆ రాయిని దగ్గర నుంచి చూస్తే, దీనికా పడ్డాను అని సిగ్గేసింది. సీటు దించాను. రాయికి ముందే బ్రేక్ పట్టి స్పీడ్ తగ్గించి, రాయి మీద వదిలేశాను. ఫోర్క్ కుంగింది, లేచింది. వెనక చక్రం దిగింది, తన్నలేదు. అంతే, ఇంకేం జరగలేదు. అంత పెద్ద విషయంగా ఊహించుకుంటే రెండు సెకన్లలో అయిపోయింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సెటప్ మిమ్మల్ని గొప్ప రైడర్‌ని చేయదు. ఆ రోజు నేను రాయి మీదే బ్రేక్ పట్టడం నా తప్పు, దాన్ని ఏ ఫోర్కూ పూర్తిగా కాపాడలేదు. కానీ సరిగ్గా సెట్ చేసిన సైకిల్ చిన్న తప్పుని చిన్న తప్పుగానే ఉంచుతుంది. నా సైకిల్ ఆ చిన్న తప్పుని ఆరు వారాల స్లింగ్ చేసింది.

అమ్మ ఇప్పుడు సైకిల్ అమ్మేయమనట్లేదు. శనివారం రాత్రి ఫోన్ చేసి మాత్రం అడుగుతుంది, "రేపు వెళ్తున్నావా? గాలి చూసుకున్నావా?" టైర్‌లో గాలి గురించే అడుగుతోంది అనుకుంటా, ఫోర్క్ సంగతి ఆమెకి తెలీదు. నేను మూడూ చూసుకుని "చూసుకున్నా అమ్మా" అంటాను.

మీరు కూడా ఈ ఆదివారం కొండకి వెళ్ళేముందు ఒక స్కేలు తీసుకుని, ఓ-రింగ్ ఎక్కడ ఆగుతుందో చూడండి. కొత్త పార్ట్ ఏదైనా కార్ట్‌లో పెట్టి ఉంటే, ఈ గంట పని అయ్యేదాకా బై బటన్ నొక్కకండి. వచ్చే ఎపిసోడ్‌లో డిస్క్ బ్రేకుల గురించి మాట్లాడుకుందాం. హెల్మెట్ మర్చిపోకండి. ఉంటాను మరి, బై.